ఆయా పని

ఆదిశేషమ్మగారు శరణాలయానికి వస్తున్నారంటే ముందురోజే ఫినాయిలు తెప్పించి పెట్టాలి. వాకిలి, వరండా, కుట్టుమిషన్ల గది అన్నీ కడగాలి. ఆమె కూర్చునే కుర్చీని కాళ్ళతో సహా తుడవాలి. ఆ కుర్చీలో ఇంకెవరూ కూర్చోకూడదు. మంచినీళ్ళు ఆమె ఇంటినుంచే మరచెంబులో వస్తాయి. దిక్కులేని ఆడపిల్లల కోసం ప్రాణమైనా ఇస్తానని సభల్లో చెప్పే మనిషి, ఆ పిల్లల చేతి మంచినీళ్ళు నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ముట్టలేదు. మేట్రన్ రెబెక్కమ్మకు మొదట్లో ఇది నవ్వులాటగా ఉండేది. ఇప్పుడు ఫినాయిలు వాసన తగిలితేనే పెరట్లోకి పోతోంది.

ఆడపిల్లల్ని అమ్మడం, కొనడం నేరమని చట్టం వచ్చాక నెల్లూరులో పెద్దింటి ఆడవాళ్ళు నలుగురు కలిసి సంఘం పెట్టారు. ఆదిశేషమ్మగారు దానికి అధ్యక్షురాలు. ఊరి చివర ఒక పాత మిద్దె అద్దెకు తీసుకున్నారు. పోలీసులు పట్టుకున్న పిల్లల్ని కోర్టువాళ్ళు ఏడాదికో రెండేళ్ళకో ఇక్కడికి పంపిస్తారు. ఇప్పుడు పదకొండుమంది ఉన్నారు. మొదట్లో వాళ్ళచేత అప్పడాలు చేయించారు. అప్పడాలు బాగున్నాయని కొన్నవాళ్ళే, అవి ఎవరి చేతులవో తెలిశాక పొట్లాలు తిప్పి పంపారు. సంఘం వాళ్ళు నొచ్చుకున్నారా అంటే అదీ లేదు, మాదే పొరపాటన్నారు. అప్పటినుంచి ఆస్పత్రికి దిండు గలీబులు కుట్టిస్తున్నారు. గలీబులనైతే ఎటూ ఉడకబెడతారు కదా.

ఆ సోమవారం ఆదిశేషమ్మగారు కుర్చీలో కూర్చుని కాగితాల మీద సంతకాలు పెడుతూ ఒకచోట ఆగారు. అది పెంచలమ్మ విడుదల కాగితం. పందొమ్మిదేళ్ళ పిల్ల. ఆమెను మద్రాసునుంచి తెచ్చి ఊళ్ళో ఒక ఇంట్లో దాచి ఉంచినప్పుడు పోలీసులు పట్టుకున్నారు. కోర్టు వేసిన ఏడాది గడువు ఈ బుధవారంతో తీరిపోతుంది. మైపాడు పక్కన సముద్రపొడ్డున జాలర్ల చిన్న పాళెం ఆమెది. తల్లి తీసుకుంటానంది కనుక గురువారం తొలి బస్సులో తానే వెంటబెట్టుకుపోయి దించి వస్తానని రెబెక్కమ్మ చెప్పింది. ఆ పొద్దున మగవాళ్ళు వేటకు పోయి ఉంటారని, ఆడవాళ్ళు గంపలెత్తుకుని సంతకు పోయి ఉంటారని, ఎవరి కంటా పడకుండా ఇంట్లోకి చేర్చవచ్చని కూడా చెప్పింది. దించి వస్తానన్న మాట దగ్గరే ఆగిపోయి ఉంటే బాగుండేది. అబద్ధమాడటం చేతకాని మనిషి కావడంతో అడక్కపోయినా అన్నీ చెప్పేసింది.

ఆదిశేషమ్మగారి కళ్ళు మెరిశాయి. వచ్చే నెల హైదరాబాదు నుంచి ఆఫీసరమ్మ వస్తోంది. ఎంతమంది పిల్లల్ని బాగుచేసి ఇళ్ళకు చేర్చారని ఆమె అడిగే మొదటి ప్రశ్న. ఈ నాలుగేళ్ళలో కొందరు గోడ దూకి పోయారు, ఇద్దరికి ఎవరో ముసలివాళ్ళతో పెళ్ళి చేశారు, ఒకతె చచ్చిపోయింది. తల్లి రమ్మన్న పిల్ల ఇదొక్కతే.

"దొంగతనంగా దించి రావడమేంది రెబెక్కమ్మా? మనమేమన్నా తప్పు చేశామా? పాళెమంతా పోగుచేసి, నాలుగు మంచి మాటలు చెప్పి, అందరి సమక్షంలో అప్పజెప్పాలి. కరణానికి కబురు పంపిస్తా. ఫోటో కూడా తీయిద్దాం."

రెబెక్కమ్మ తనకు చేతనైనంత చెప్పి చూసింది. పిల్ల మద్రాసులో ఆయా పనిలో ఉందని తల్లి పాళెంలో చెప్పుకుని ఉందనీ, అసలు సంగతి బయటపడితే కులంవాళ్ళు ఆ పిల్లను గడప తొక్కనీయరనీ, తల్లిని కూడా వెలివేస్తారనీ చెప్పింది. ఆదిశేషమ్మగారు నెమ్మదిగా విని, అటువంటి మూఢత్వాన్ని తుడిచిపెట్టడానికే కదా సంఘం ఉన్నదని అన్నారు. లేచి పోతూ, పిల్లకు సంఘం చీర ఉతికించి గంజిపెట్టి ఉంచమన్నారు. తెల్లటి నేత చీర, నీలం అంచు. ఆ పదకొండుమందికీ అదే చీర. ఆస్పత్రికి గలీబులు మోసుకుపోయేటప్పుడు ఆ అంచు చూసి రిక్షావాళ్ళు ఈల వేస్తారు.

పెంచలమ్మ తలుపు పక్కనే ఉండి అంతా విన్నది. ఏడుస్తుందేమోనని రెబెక్కమ్మ చూసింది. ఏడవలేదు. మిషన్ దగ్గరికి పోయి మధ్యలో ఆపిన గలీబు అంచు కుట్టు పూర్తిచేసి, దారం కొరికి, మడత పెట్టింది.

"ఇంకో చీర కట్టుకోని పోతానమ్మా. అదొక్కటి చెయ్యండి చాలు," అంది.

మంగళవారం రెబెక్కమ్మ మైపాడు బస్సెక్కింది. బస్సు దిగి ఇసకలో రెండు మైళ్ళు నడవాలి. పెంచలమ్మ తల్లి నాగులమ్మ గుడిసె ముందు చాపల మీద సావడాలు ఎండబెట్టుకుంటోంది. ఒక్కొక్క చేపనూ తిప్పివేస్తూ, పురుగు ముట్టినవాటిని ఏరి పక్కన పారేస్తోంది. మనిషి వంగిన నడుము ఎత్తకుండానే రెబెక్కమ్మను చూసి, చుట్టూ ఒకసారి చూసి, లోపలికి రమ్మని తలతో సైగ చేసింది.

రెండు నెలల కిందట రెబెక్కమ్మే మొదటిసారి వచ్చి ఆమెకు కూతురి సంగతి చెప్పింది. అప్పుడు నాగులమ్మ చేత్తో నోరు మూసుకుని చాలాసేపు గోడకు ఆనుకుని కూర్చుంది. తర్వాత అడిగిన మొదటి మాట, ఈ సంగతి ఇంకా ఎవరికి తెలుసని. ఎవరికీ తెలియదని రెబెక్కమ్మ చెప్పింది. అయితే పిల్లను తెచ్చేయండి, ఎవరి నోటా మాట రానీకండి అని ఆమె చేతులు పట్టుకుంది.

ఇప్పుడు సభ సంగతి వినేసరికి నాగులమ్మ గుమ్మంలోకి పోయి బయట ఎవరన్నా ఉన్నారేమోనని చూసి వచ్చింది. గురువారం ఎవరూ పడవ దించకూడదని, దొరసాని వస్తోందని అప్పుడే కరణం మనిషి వచ్చి చెప్పిపోయాడట. ఒక రోజు వేట పోతుందని పాళెంలో అందరూ గొణుగుతున్నారు. ఆ వచ్చేది తన కూతురి కోసమేనని నాగులమ్మకు అప్పటిదాకా తెలియదు.

"అది డాక్టరమ్మ ఇంట్లో ఆయాగా ఉండాదని చెప్పుకున్నానమ్మా. జాబులు రాస్తాందని చెప్పినా. మూడు పూటలా అన్నం పెడతారంట అని చెప్పినా. ఇప్పుడు నేను యాడ తలకాయ పెట్టుకునేది?"

ఆయా పని ఇప్పిస్తానని పిల్లను మద్రాసు తీసుకుపోయిన మనిషి మళ్ళీ కనబడ్డాడా అని రెబెక్కమ్మ అడిగింది. గంగాధరమని ఎండుచేపలు కొనే బేరగాడు. కోర్టులో పెంచలమ్మ ఆ పేరు బయటపెట్టలేదు. పెడితే పాళెం పేరు చెప్పాలి, పాళెం పేరు చెబితే పోలీసులు ఇక్కడికి వస్తారు. రెబెక్కమ్మకు కూడా ఈమధ్యనే చెప్పింది.

నాగులమ్మ వాకిట్లో చాపమీది చేపల్ని చూస్తూ, వస్తూనే ఉంటాడని చెప్పింది. పదిహేను రోజులకొకసారి వస్తాడు. వచ్చినప్పుడల్లా మీ పెంచలమ్మ కులాసాగా ఉందని నలుగురిలో చెబుతాడు. తానూ తల ఊపుతుంది. చేపలు అతనికే తూచి పోస్తుంది. పోయకపోతే ఎందుకని పాళెంలో అడుగుతారు కదా.

రెబెక్కమ్మ అసహ్యంతో లేచి బయటికి వచ్చేసింది. ఎవరిమీద ఆ అసహ్యమో ఆమెకే తెలియలేదు. వాడిమీదనా, తల ఊపిన తల్లిమీదనా, తల ఊపేట్టు చేసిన ఊరిమీదనా? తిరిగి బస్సెక్కేదాకా ఆ చేపల వాసన ఆమె చీరకు పట్టుకునే ఉంది. ఫినాయిలు వాసనకంటే అదే నయమనిపించింది.

గురువారం జీపు పాళెం అంచుదాకా వచ్చి ఇసకలో కూరుకుపోకముందే ఆగింది. డ్రైవర్ హెబ్రోను పక్క సీటులో ఆదిశేషమ్మగారు, వెనక ఫోటోగ్రాఫరు హజరత్తయ్య, రెబెక్కమ్మ, మధ్యలో పెంచలమ్మ. రెబెక్కమ్మ తన పూల చీర ఒకటి పొద్దున్నే ఆ పిల్లకు కట్టింది. ఆదిశేషమ్మగారు వచ్చి చూసి మాట్లాడకుండా వాకిట్లో నిలబడ్డారు. పెంచలమ్మ దాన్ని విప్పి సంఘం చీర కట్టుకుని వచ్చేదాకా జీపు కదల్లేదు.

పడవలన్నీ గట్టుమీదనే ఉన్నాయి. వాటి నీడలో మగవాళ్ళు, ఎండలో ఆడవాళ్ళు, అందరూ కలిసి నూరుమందికి తక్కువలేరు. కరణం రెండు కుర్చీలు, ఒక బెంచీ వేయించాడు. పడవలు దించనీయనందుకు మొహాలన్నీ ముడుచుకుని ఉన్నాయి. పెంచలమ్మ జీపు దిగగానే ఆడవాళ్ళలో కదలిక వచ్చింది. నాగులమ్మ కూతురే అని ఒకరు, ఎంత చిక్కిపోయిందో అని ఒకరు. నాగులమ్మ ముందుకు రాబోయింది కానీ, కరణం సభ అయ్యేదాకా ఆగమని చెయ్యి అడ్డం పెట్టాడు. రెండేళ్ళు దాటి కూతుర్ని చూస్తున్న తల్లి అయిదు బారల దూరంలో నిలబడిపోయింది.

ఆదిశేషమ్మగారు చేతిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. గుడ్డకు సెంటు రాసుకుని వచ్చారు. ఉపన్యాసానికి లేచినప్పుడు మాత్రం గుడ్డ తీసి, ఊపిరి బిగబట్టి మొదలుపెట్టారు.

ఉపన్యాసం పది నిమిషాలు సాగింది. పంకిలంలో పడిన ప్రసూనాలన్నారు. పతనమూ, ప్రక్షాళనా, పునర్జీవితమూ అన్నారు. సంఘం కరుణ గురించి చెబుతూ గొంతు కూడా వణికించారు. అయితే అసలు మాట ఒక్కటి మాత్రం ఆమె నోట రాలేదు. అటువంటి మాట పలకడం ఆమెకు రోత. దాని చుట్టూ ఎన్ని సంస్కృతపు మాటలున్నాయో అన్నీ తిరిగి వచ్చారు. పాళెంవాళ్ళకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. పడవ నీడలో ఒక ముసలాయన ఈమె ఓట్లకు వచ్చిందా అని పక్కవాణ్ణి అడిగాడు. రెబెక్కమ్మ జన్మలో మొదటిసారి గ్రాంథికానికి మనసులో దండం పెట్టుకుంది.

ఇంతలో ఆడవాళ్ళ వైపు నుంచి గుసగుస మొదలయింది. నెల్లూరు పెద్దాసుపత్రిలో కాన్పుకు పోయి వచ్చిన ఒకామె, ఆ నీలం అంచు చీరను అక్కడ చూశానంటోంది. అది ఫలానా కొంపలో పిల్లలు కట్టే చీరని పక్కామెతో చెబుతోంది. ఆ మాట ఒకరినుంచి ఒకరికి పోవడం రెబెక్కమ్మ కళ్ళారా చూసింది. తలలు ఒకటొకటిగా వంగుతున్నాయి, లేస్తున్నాయి, పెంచలమ్మ వైపు తిరుగుతున్నాయి. పెంచలమ్మ తన కాలి వేళ్ళను చూసుకుంటూ నిలబడింది.

పెద్దకాపు ముత్యాలయ్య లేచాడు. పాళెంలో తప్పొప్పులు తేల్చే మనిషి. ఎవరి ఇంట పొయ్యి వెలగాలో, ఎవరి ఇంట ఆరాలో ఆయన మాటమీద ఉంటుంది.

"అమ్మా, మాకు చదువులు లేవు. ఈ పిల్ల మా పాళెం బిడ్డ. మద్రాసులో ఆయా పనికి పోయింది. ఇది ఏం చేసిందని మీరింతమంది కలిసి తీసుకొచ్చినారు? ఆ ఒక్కటి చెప్పండి."

ఆదిశేషమ్మగారి మొహం కందిపోయింది. ఆ ఒక్కటి చెప్పాలంటే ఆ మాట అనాలి. నూరుమంది చేపలవాళ్ళ ముందు ఆమె నోటితో ఆ మాట! హజరత్తయ్య వైపు తిరిగి ఎండ నడినెత్తికి వచ్చేలోపల ఫోటో కానీయాలి కదా అన్నారు. తర్వాత రెబెక్కమ్మను చూసి, "వీళ్ళకు తెలిసే భాషలో నువ్వు చెప్పు," అనేసి, కరణం కొట్టించిన కొబ్బరి బోండాం కోసం కుర్చీలోకి పోయారు.

రెబెక్కమ్మ లేచి నిలబడింది. ముప్ఫై ఏళ్ళుగా ఆదివారం బడిలో పిల్లలకు పది ఆజ్ఞలు వల్లె వేయిస్తున్న మనిషి. ఆమె ఒకసారి పెంచలమ్మను చూసింది, ఒకసారి నాగులమ్మను చూసింది. నాగులమ్మ చీర కొంగును నోట్లో కుక్కుకుని ఉంది.

"ఈ బిడ్డ ఏ తప్పూ చెయ్యలేదు. మా దగ్గర కొంతమంది దిక్కులేని ఆడపిల్లలు ఉన్నారు. వాళ్ళను చూసుకోవడానికి మనిషి కావాలంటే, మద్రాసులో డాక్టరమ్మే ఈమెను మా దగ్గరికి పంపింది. ఏడాది నా కింద ఆయాగా చేసింది. అక్కడ పనిచేసేవాళ్ళకు కూడా ఇదే చీర ఇస్తాం. మంచి మనిషని మెచ్చుకుని ఇంటికి దించి పోదామని అమ్మగారు వచ్చారు."

మెచ్చుకుని అన్న మాట చెవిన పడి ఆదిశేషమ్మగారు బోండాం పక్కకు పెట్టి చిరునవ్వు నవ్వారు. ఆమె విన్నది అంతే.

ముత్యాలయ్య నవ్వలేదు. ఆస్పత్రి చూసి వచ్చిన ఆమె వైపు చూశాడు, చీర వైపు చూశాడు. ఇసకలో రెండడుగులు ముందుకు వచ్చాడు.

"నువ్వు యేసు దేవుణ్ణి కొలిచే మనిషివి. ఆ దేవుడిమీద ఒట్టేసి చెప్తావా?"

రెబెక్కమ్మ ఒట్టు వేసింది. ఇంత సులువుగా వస్తుందని ఆమె అనుకోలేదు.

ముత్యాలయ్య తలపాగా విప్పి దులిపి భుజాన వేసుకున్నాడు. అట్టయితే మాట్లాడేది లేదని, బిడ్డను ఇంటికి తీసుకుపొమ్మని నాగులమ్మతో చెప్పాడు. కరణం చెయ్యి పక్కకు తీశాడు. నాగులమ్మ పరుగున వచ్చి కూతురి చెయ్యి పట్టుకుంది. మగవాళ్ళు పడవల వైపు, ఆడవాళ్ళు గుడిసెల వైపు కదిలారు. నాగులమ్మ గుడిసె నలభై అడుగుల దూరంలో ఉంది. తలుపు తీసి ఉంది. లోపల పొయ్యిమీద పులుసు ఉడుకుతోంది. రెబెక్కమ్మ ఆ నలభై అడుగులనే చూస్తూ నిలబడింది. వాళ్ళిద్దరూ ఆ గడప దాటితే చాలు, తర్వాత దేవుడు తనను ఏం చేసుకున్నా సరే అనుకుంది.

ఎవరో ఆమె చేతులు రెండూ పట్టుకున్నారు. నలభై ఏళ్ళ మనిషి, అరచేతులు ఉప్పుకు పగిలి ఉన్నాయి. నాగులమ్మ పక్క గుడిసె కామమ్మనని చెప్పుకుంది. ఆమె కళ్ళనిండా నీళ్ళు ఉన్నాయి, మొహమంతా నవ్వు ఉంది. వెనకనే పన్నెండేళ్ళ పిల్ల తల్లి కొంగు పట్టుకుని నిలబడి జీపును వింతగా చూస్తోంది.

"నా కడుపు చల్లబడిందమ్మా. మా పెద్దది పోలమ్మ, ఎనిమిది నెలలాయ పోయి. మంచోణ్ణే నమ్మి పంపినామా అని రాత్రిళ్ళు కునుకు లేదు. ఒక్క జాబూ లేదు. ఇప్పుడు నువ్వు దేవుడిమీద చెప్పినావు. పెంచలమ్మ మాదిరే అదీ ఏ డాక్టరమ్మ ఇంట్లోనో సుఖంగా ఉంటాది."

ఎవరితో పంపారని రెబెక్కమ్మ అడిగింది. అడగక్కర్లేదు, ఆమెకు తెలిసిపోయింది.

"గంగాధరంతోనే. పెంచలమ్మకు పని చూపించింది ఆయనే గదా. అది బాగుండాదని నాగులమ్మ చెప్పబట్టే మేమూ పంపినాం. సోమవారం మళ్ళీ వస్తాడు. దీన్ని కూడా అడిగినాడు. ఇన్నాళ్ళూ వెనకా ముందూ ఆడినా. ఇంక పంపించేస్తా. అక్కకు తోడుగా ఉంటాది."

రెబెక్కమ్మ నాగులమ్మ వైపు చూసింది. నాగులమ్మ ఆగిపోయి ఉంది, తల ఎత్తలేదు. రెండు నెలలనుంచి ఆమెకు అంతా తెలుసు. పక్క గుడిసెలో పోలమ్మ తల్లి రాత్రిళ్ళు దొర్లడమూ తెలుసు. ఆ తల వాలు చూడగానే రెబెక్కమ్మకు రోత పుట్టింది. మరుక్షణం అంతకంటే పెద్ద రోత ఆమెకు తనమీదనే కలిగింది. నాగులమ్మ చెప్పింది ఒట్టి అబద్ధం. తను దానికి దేవుణ్ణి తెచ్చి ముద్ర వేసి ఇచ్చింది.

చెప్పాలి. నోరు తెరిచింది కూడా. చెబితే ఆ నలభై అడుగుల్లో మిగిలిన పాతిక అడుగులు పెంచలమ్మ నడవలేదు. చిన్నదాన్ని తొందరపడి పంపవద్దని మాత్రం అంది. ఎందుకని కామమ్మ అడిగింది. చిన్నపిల్ల కదా అంది. పోలమ్మ కూడా అంతకంటే రెండేళ్ళే పెద్దదని కామమ్మ నవ్వింది. సోమవారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి, ఏదన్నా చేయవచ్చు, పోలీసులకు ఊరూ పేరూ లేకుండా ఉత్తరం రాయవచ్చు అని రెబెక్కమ్మ లోపల ఏవేవో అల్లుకుంటోంది. అవన్నీ సాకులని అల్లుకుంటున్నప్పుడే ఆమెకు తెలుసు.

పెంచలమ్మ తల్లి చెయ్యి విడిపించుకుంది. నాగులమ్మ గట్టిగా పట్టుకుంటే, ఒక్కొక్క వేలే విప్పి విడిపించుకుంది. వెనక్కి నడిచి వచ్చి కామమ్మ ముందు నిలబడింది. ఏడాది పొడుగునా రెబెక్కమ్మ ఆ పిల్ల గొంతు ఇంత స్పష్టంగా వినలేదు.

"దాన్ని పంపబాక అత్తా. డాక్టరమ్మ లేదు, ఇల్లూ లేదు. నేను ఆయా పని చెయ్యలా. గంగాధరం నన్ను మద్రాసులో ఒక మిద్దెలో అమ్మేసి వచ్చినాడు. ఈ చీర ఆ కొంపల్లో పట్టుకున్న పిలకాయలకు కట్టేదే. ఈయమ్మ నాకోసం అబద్ధమాడింది."

పడవల దగ్గరికి పోతున్నవాళ్ళు నిలబడిపోయారు. కామమ్మ మొహంలో నవ్వు ఎక్కడున్నది అక్కడే ఉండిపోయింది. దాన్ని తీసేయడం కూడా ఆమెకు గుర్తులేదు.

"కోర్టులో వాడి పేరు అడిగినారు. నేను చెప్పలా. ఈడ నా పేరు చెడుతాదని చెప్పలా. అప్పటికి మీ పోలమ్మ ఇంట్లోనే ఉండాది," అంది పెంచలమ్మ.

ఆదిశేషమ్మగారు కుర్చీలోంచి లేచి వచ్చారు. ఇంకో అమ్మాయి కూడా ఉందా అని అడిగారు. వయసెంతని అడిగారు. ఆఫీసరమ్మ వచ్చేలోపల ఆ పిల్లనూ తెచ్చి చేర్చుకోగలిగితే ఎంత బాగుంటుందో అన్నారు. ఆ మాటలు నిజంగా మంచి మనసుతోనే అన్నారు. రెబెక్కమ్మకు అదే భరించరానిదిగా ఉంది. ఆ పిల్ల తల్లీ, పెంచలమ్మా ఒకరినొకరు పట్టుకుని నిలబడితే ఒక ఫోటో తీద్దామని కూడా ఆదిశేషమ్మగారు అన్నారు. హజరత్తయ్య కెమెరా మీద నల్లగుడ్డ కప్పి, ఫిల్ము అయిపోయిందమ్మా అన్నాడు. పొద్దుటినుంచి అతను ఒక్క ఫోటో కూడా తీయలేదు.

కామమ్మ ఏడవలేదు. పెంచలమ్మను కొడుతుందేమోనని రెబెక్కమ్మ భయపడింది. కొట్టలేదు. చిన్నకూతుర్ని తీసుకుపోయి నాగులమ్మ చేతిలో పెట్టింది. నాగులమ్మ మొహంలోకి ఒకసారి చూసింది. ఆ చూపుకు నాగులమ్మ ఇసకలో కూలబడింది. పిల్ల చెయ్యి మాత్రం వదల్లేదు.

కామమ్మ వెనక్కి వచ్చి పెంచలమ్మను అడిగింది.

"ఆ మిద్దె యాడుందో నీకు తెలుసా?"

"తెలుసు."

"చూపిస్తావా?"

పెంచలమ్మ తమ గుడిసె వైపు చూసింది. తలుపు తెరిచే ఉంది. పులుసు మాడుతున్న వాసన ఇక్కడికి వస్తోంది. చూపిస్తానని తల ఊపింది.

ముత్యాలయ్య ఏమంటాడోనని అందరూ ఆయన వైపు చూశారు. తీర్పు చెప్పడం ఆయన పని. సోమవారం గంగాధరం వచ్చేదాకా ఈ సంగతి వాడి చెవిన పడనీయకూడదన్నాడు. వాడిని రానీయండి అన్నాడు. పెంచలమ్మ గురించి ఒక్క మాటా అనలేదు. గడప తొక్కవచ్చుననీ అనలేదు, తొక్కకూడదనీ అనలేదు. ఆమె వైపు చూడకుండా పడవల్లోకి పోయాడు.

కామమ్మ ఉన్న చీరతోనే పోయి జీపులో డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుంది. అది ఎవరు కూర్చునే సీటో ఆమెకు తెలియదు. పెంచలమ్మ ఆమె పక్కన ఒదిగింది. ఇద్దరి కాళ్ళనుంచీ ఇసక రాలి జీపు అంతా పడింది. హెబ్రోను ఏమీ అనకుండా ఇంజను తిప్పాడు. ఆదిశేషమ్మగారు వచ్చి ముందు సీటు చూసి, వెనక సీటు చూసి, దాన్ని ఎవరైనా తుడుస్తారేమోనని నిలబడ్డారు. ఎవరూ తుడవలేదు. తన చేతిగుడ్డతో తానే తుడుచుకుని ఎక్కారు.

రెబెక్కమ్మ కిందనే ఉండిపోయింది. తను ఎక్కడానికి తగననిపించింది. ఆ పిల్ల నోరు విప్పి ఉండకపోతే తను ఈపాటికి బస్సు కోసం నడుస్తూ ఉండేది. కామమ్మ సోమవారం సంతోషంగా చిన్నదాన్ని కూడా గంగాధరం చేతిలో పెట్టేది.

పెంచలమ్మ సీటులోంచి బయటికి వంగి పిలిచింది.

"మీరూ రాండమ్మా. పోలీసులకాడ మాట్లాడాలంటే చదువుకున్న మనిషి ఉండాల." ఒక్కక్షణం ఆగి, కోపం లేకుండానే అంది. "ఈసారి ఉండేది ఉన్నట్టు చెప్పండి."

రెబెక్కమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని జీపెక్కింది.